ఉత్తరంలో లేని మాట

ఆ వేసవి మా ఇంట్లో అన్నయ్య ఒక్కడే జైల్లో ఉన్నాడని వీధంతా అనుకుంది. వాడికైతే లోపల ఎనిమిదిమంది తోడున్నారు, కబుర్లున్నాయి, పొద్దునా సాయంత్రం నడవడానికి ఒక ఆవరణ ఉంది. అమ్మా, నాన్నా, నేనూ ముగ్గురం మిల్లు క్వార్టర్లో ఒకటిన్నర గదిలో తలుపేసుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతున్నాం. ఒకటిన్నర గదిలో అది ఎంత నేర్పుతో కూడిన పనో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

జరిగింది రెండు ముక్కల్లో చెప్తాను. దారం మిల్లులో సమ్మె. ఇరవయ్యోరోజున గేటు దగ్గర రాళ్ళు పడ్డాయి, కాపలావాడి తల పగిలింది. మా నాన్న బాయిలర్ మేస్త్రి. బాయిలర్ పూర్తిగా చల్లారితే పాడైపోతుందని సమ్మెలో కూడా యూనియనే ఆయన్ని లోపలికి పంపేది. ఆ గది కిటికీ సరిగ్గా గేటుకెదురుగా ఉంటుంది. పోలీసులు ఆయన్ని పిలిచి, నీ కొడుకు కూడా అక్కడున్నాడని మాకు తెలుసు, మిగతావాళ్ళ పేర్లు చెప్తే వాడి పేరు రాసుకోం అన్నారు. నాన్న ఎనిమిది పేర్లు చెప్పి, వేలిముద్ర వేసి, ఇంటికొచ్చి పడుకున్నాడు. తెల్లారేసరికి ఎనిమిదిమందినీ తీసుకుపోయారు. ఆ మధ్యాహ్నం అన్నయ్య స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, స్టేషనుకి నడిచి వెళ్ళి, తొమ్మిదోవాణ్ణి నేనేనని చెప్పి లోపల కూర్చున్నాడు.

అప్పటినుంచి అమ్మ నాన్నతో నా ద్వారానే మాట్లాడేది. ఆయన ఎదురుగా కూర్చునే ఉండేవాడు. "కంచం పెట్టానని మీ నాన్నకి చెప్పు" అనేది. నేను చెప్పేదాన్ని. ఆయన వినీ విననట్టు నా నోటినుంచి రెండోసారి విని అప్పుడు లేచేవాడు. ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టుకునేదాన్ని, అదనంగా ఈ దుబాసీ ఉద్యోగం కూడా మీద పడింది. నాకు మాత్రం ఆయన మీద కోపం లేదనుకునేరు, అమ్మకున్నదానికి రెట్టింపు ఉండేది. అమ్మ మాట్లాడకుండా తీర్చుకుంది, నేను మాట్లాడుతూనే తీర్చుకున్నాను.

ఇక మా సంఘం సంగతి. రేకుడబ్బాల దుకాణం పైన ఒక పొడుగాటి గది, ఆరు బెంచీలు, బయటినుంచి పన్నెండు ఇనప మెట్లు. వచ్చేవాళ్ళందరూ మిల్లువాళ్ళే. మా సంఘపెద్ద గడియారాల తాత, వీధి మొదట్లో గడియారాలు బాగుచేసేవాడు. ఆయనకి ప్రాణం బైబిల్లోని ఆ పాత ఉత్తరాలంటే. చేతికి గొలుసు ఉండగా చెరసాలలో కూర్చుని అపొస్తలుడు మొదటి కాలపు సంఘాలకి రాసిన ఉత్తరాలు. అవి అప్పట్లో ఎలా చదివేవాళ్ళో మనమూ అలాగే చదవాలని తాత పట్టుదల. అందుకని మా సంఘానికి ఉత్తరాల విషయంలో ఒక పద్ధతి ఉండేది. మాలో ఎవరైనా దూరాన ఉండి రాస్తే ఆ కవరు విప్పేది అందరి ముందే. చదివేవాళ్ళు ఒక్క ముక్క మింగకూడదు. చదివాక రేకుపెట్టెలో పెట్టాలి, నెలాఖరు ఆదివారం పెట్టె తీసి మళ్ళీ చదవాలి. మనం రాసేది కూడా అంటించేముందు పైకి చదవాలి, చివర ఆ రోజు గదిలో ఉన్న ప్రతి మనిషి వందనమూ విడివిడిగా రాయాలి. గదిలో లేనివాళ్ళది రాయకూడదు. అంతకుముందు చదవడమూ రాయడమూ అన్నయ్య పని. వాడు వెళ్ళాక నాకిచ్చారు. నా గొంతు పెద్దది, చిన్నప్పటినుంచీ నన్ను గంట అనే పిలిచేవాళ్ళు.

అరెస్టుల తర్వాత వచ్చిన మొదటి ఆదివారం నాన్న ఎప్పటిలాగే వచ్చి మూడో బెంచీలో కూర్చున్నాడు. బెంచీలో ఉన్న నలుగురూ ఒక్కొక్కరే లేచి గోడవారగా నిలబడ్డారు. ముందు లేచింది బాబిన్లత్త. వరసకి అత్త కాదు, బాబిన్లకి దారం చుట్టే పని, నోరున్న మనిషి కాబట్టి వీధికంతా అత్త. ఎనిమిది పేర్లలో మొదటిది ఆమె భర్తది. నాన్న ఆ పొడుగాటి బెంచీ మీద ఒక్కడూ పాట అయ్యేదాకా కూర్చుని, లేచి, బయటికి వెళ్ళిపోయాడు.

రెండో ఆదివారంనుంచి ఆయన లోపలికి రాలేదు, అలాగని ఇంట్లోనూ ఉండలేదు. అందరూ ఎక్కాక వచ్చి పదో మెట్టు మీద కూర్చునేవాడు. తొమ్మిది గంటలకే ఆ ఇనుము చెయ్యి పెడితే చురుక్కుమనేది. పాటకీ పాటకీ మధ్య ఆయన దగ్గు వినిపించేది. నూలు దుమ్ముకి వచ్చిన దగ్గు, అంత తొందరగా ఆగదు.

అన్నయ్యకి ఉత్తరం రాసి చదువుతున్నప్పుడు నేను వందనాలన్నీ వరసగా చెప్పాను. అమ్మ వందనం, తాత వందనం, అత్త వందనం, నేతగాడివి, మిల్లు ఊడ్చే పిన్నివి. నాన్నది రాయలేదు. గదిలో లేడు కదా, నియమం నేను పెట్టిందా? తలుపు తీసే ఉంది, పదో మెట్టుకి నా గొంతు వినపడుతుందని నాకు బాగా తెలుసు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, వినపడాలనే కొంచెం గట్టిగా చదివాను.

జైలువాళ్ళు పదిహేను రోజులకి ఒక్క కాగితం ఇచ్చేవాళ్ళు, ఒకపక్కే రాయాలి. అన్నయ్య ఆ కాగితం ఇంటికి రాయకుండా సంఘానికి రాసేవాడు. మొదటి ఉత్తరంలో అందరి పేరూ ఉంది, నాన్న ఊసు లేదు. దిగివస్తుంటే ఆయన నన్ను ఏమీ అడగలేదు. ఇంటికెళ్ళాక నీళ్ళు తాగి, "కాగితం చిన్నది కాబోలు" అన్నాడు. నేను మిషను తిప్పడం మొదలుపెట్టాను.

రెండో ఉత్తరం వచ్చిన ఆదివారం నిప్పులు చెరిగే ఎండ. తాత కవరు నా చేతికిచ్చాడు. విప్పి మొదలుపెట్టాను. తొమ్మిదిమందీ బాగున్నారు, అత్త భర్తకి చెవిపోటు తగ్గింది, రోజూ సాయంత్రం అందరూ కలిసి పాట పాడుకుంటే పక్క గదుల్లోవాళ్ళు కూడా గొంతు కలుపుతున్నారు. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. తర్వాత వందనాలు. మధ్యలో దగ్గు వినపడటం లేదని గమనించాను. తలుపులోంచి చూస్తే పదో మెట్టు మీద నాన్న వీపు కనిపించింది. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, ఒక్క మాట పోకుండా వినాలని, దగ్గు బిగబట్టుకుని ఉన్నాడు. భుజాలు అదురుతున్నాయి.

కాగితం అడుగున రెండు వాక్యాలు మిగిలాయి. "ఎనిమిది పేర్లు చెప్పిన మనిషి నాకు తండ్రి కాడు. ఆయన సంగతి నాకెవరూ రాయవద్దు."

చదవాల్సింది అదే. ఒక్క ముక్క మింగకూడదు. నెల్లాళ్ళుగా నేనే ఆయనతో అనాలనుకున్న మాట, అన్నయ్య చేతిరాతతో తయారుగా నా చేతిలో ఉంది. నోరు తెరిచాను. బయటికొచ్చిన మాట ఇది: "మా నాన్నకి ప్రత్యేకంగా నా వందనాలు. ఆయన్ని ఎండలో మెట్ల మీద కూర్చోనివ్వకండి. లోపలికి పిలవండి."

చదివి కాగితం మడిచేశాను. కోపం తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ వీపు చూడలేకపోయాను, అంతే.

ఇంకెవరు చెప్పినా ఆ గది వినేది కాదు. చెప్పింది మాత్రం తనంతట తాను వెళ్ళి జైల్లో కూర్చున్నవాడు. వాడి మాట కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు, పిలవడానికి ఎవరికీ కాళ్ళూ రాలేదు. చివరికి అమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుని తలుపు దాకా నడిచి, పైమెట్టు మీద నిలబడి, అయిదు వారాల తర్వాత మొదటిసారి ఆయనతో తిన్నగా మాట్లాడింది.

"వాడు రమ్మంటున్నాడు కదా. లే."

నాన్న వచ్చి ఆఖరి బెంచీ చివర కూర్చున్నాడు. ఈసారి ఎవరూ లేవలేదు. అప్పుడు దగ్గాడు, అయిదారు నిమిషాలు ఆపకుండా దగ్గాడు. ఊడ్చే పిన్ని చెంబుతో నీళ్ళిచ్చింది.

అక్కడితో నా దుబాసీ ఉద్యోగం పోయింది, దానికన్నా గడ్డు ఉద్యోగం పట్టుకుంది. నాన్నకి చదువు రాదు. రోజూ నేను మిషను ముందు కూర్చోగానే పక్కకొచ్చి, "ఆ ముక్క ఇంకోసారి చెప్పు" అనేవాడు. చెప్పేదాన్ని. "ప్రత్యేకంగా అని వాడే రాశాడా?" "రాశాడు నాన్నా." తలూపి వెళ్ళిపోయేవాడు. మర్నాడు మళ్ళీ. తేలు కుట్టిన దొంగలా సూది కిందికి గుడ్డ తోసుకుంటూ కూర్చునేదాన్ని. ఒకరోజు నా వేలే తోసుకున్నాను.

ఇంతలో జైల్లో తిండి బాగాలేదని తొమ్మిదిమందీ నిరాహారదీక్ష చేశారు. దానికి శిక్షగా వచ్చే ఉత్తరాలూ పోయే ఉత్తరాలూ, చూడటానికి వెళ్ళడమూ, అన్నీ ఆపేశారు. అన్నయ్య చెవిలో ఈ సంగతి వెయ్యడానికి నాకున్న ఒక్క దారీ మూసుకుపోయింది. తెరిచున్నా ఏం లాభం, మేం రాసే ప్రతి ముక్కా అంటించేముందు నాన్న ఎదుటే పైకి చదవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంటి కిటికీ అమ్మ తెరవనిచ్చేది కాదు, వీధిలో వాళ్ళ చూపులకి భయపడి. ఆ ఉక్కలో నేను కుట్టేదాన్ని, అమ్మ దారం పీకేది, నాన్న గోడకి ఆనుకుని ఆ ముక్క పెదాలతో అనుకునేవాడు. ముగ్గురం ఆ మూడు వాక్యాల్లోనే కాపురమున్నాం. అవి నా నోట్లో పుట్టినవని ఒక్క నాకే తెలుసు.

వారం తర్వాత ఒక సాయంత్రం నాన్న గడ్డం గీసుకుని చొక్కా వేసుకున్నాడు. ఎక్కడికని అమ్మ అడిగింది.

"ఎనిమిది ఇళ్ళకి" అన్నాడు. "వాడంతటివాడే లోపలికి పిలవమన్నాడు. ఇంక నేను బయట కూర్చుంటే ఏం బాగుంటుంది?"

నేను ఆపాలనుకున్నాను. ఏమని ఆపను? రెండురోజుల్లో ఎనిమిది గుమ్మాలూ తొక్కాడు. ప్రతిచోటా బయటే నిలబడి, మీవాడి పేరు చెప్పింది నేనే, నా కొడుకుని కాపాడుకోవాలని చెప్పాను, తప్పు చేశాను అన్నాడట. మూడు తలుపులు మొహం మీదే మూసుకున్నాయి. ఒకచోట కుండెడు నీళ్ళు పోశారు, తడిసి వచ్చాడు. తమ్ముడు లోపలున్న నేతగాడి ఇంట్లో మాత్రం స్టూలు వేశారు, కూర్చోలేదట. ఇంటికొచ్చి ఈ లెక్కంతా అమ్మకి పూసగుచ్చినట్టు చెప్పి, హాయిగా నిద్రపోయాడు. ఆయన అలా నిద్రపోతుంటే నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను. ఈ మనిషి నడుస్తున్నది నేను వేసిన చెక్కపలక మీద, దాని కింద ఏమీ లేదు.

మర్నాడు బాబిన్లత్త జాకెట్టు కుట్టించుకునే వంకతో వచ్చింది. కొలతలు తీస్తుంటే గొంతు తగ్గించి అడిగింది.

"మీ నాన్న మెట్ల మీద కూర్చుంటున్నాడని మీ అన్నకెవరు చెప్పారే?"

టేపు నా చేతిలో ఆగిపోయింది. మేం పంపిన ఉత్తరం అందరిముందూ చదివిందే. అందులో మెట్ల మాటే లేదు. అప్పటికి చూడ్డానికి ఎవరూ వెళ్ళలేదు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి అంటారు, నాకు ఆ మాత్రం తెలివి కూడా లేకపోయింది.

"నేను అందరిలాంటిదాన్ని కాదు, రోజుకి నాలుగువేల బాబిన్లు చూసేదాన్ని. తెగిన దారం ఎక్కడ ముడేశారో నా కళ్ళకి తెలుస్తుంది" అంది. నేను ఏడుపు మొదలుపెట్టాను. ఆమె ఊరుకోబెట్టలేదు. కాసేపు కిటికీ వైపు చూసి, "మొన్న మా గుమ్మంలోకి వచ్చాడు. నేను తలుపేశాను. క్షమించలేదు, ఇకమీదట క్షమిస్తానని కూడా అనుకోను. కానీ ఆ దగ్గు బయట ఎండలో వింటూ లోపల కూర్చుని పాటలు పాడటం నావల్ల కాలేదే. అందుకని నోరు మూసుకుంటున్నాను" అంది.

పోతూ పోతూ గుమ్మంలో ఆగింది. "మా ఆయన ఉత్తరాల్లో కూడా నువ్వేమన్నా కలిపి చదువుతున్నావా?"

"లేదత్తా. ఒట్టు."

"కలిపినా బాగుండేది" అని వెళ్ళిపోయింది.

నెలాఖరు ఆదివారం దగ్గరపడింది. ఆ రోజు రేకుపెట్టె తీసి ఉత్తరాలన్నీ మళ్ళీ చదివేది తాతే. ఆయన చదివితే చుక్క కూడా వదలడు. ఉత్తరం దొంగిలిద్దామని శనివారం వెళ్ళాను. పెట్టెకి తాళం ఉంది, తాళంచెవి తాత మొలతాడుకి ఉంది. ఆ ఆదివారం నాన్న అందరికన్నా ముందు తయారయ్యాడు. ఆ ముక్క ఈసారి తాత నోట వినాలని ఆయనకి ముచ్చట. అడకత్తెరలో పోకచెక్కలా మెట్లెక్కాను.

తాత పెట్టె తీశాడు. ఉత్తరాలు చేతిలోకి తీసుకుని, పైదాన్ని విప్పి, చాలాసేపు చూశాడు. జేబులోంచి కళ్ళజోడు తీశాడు. ఒక అద్దం నిలువునా పగిలి ఉంది. "పొద్దున కింద పడింది. అక్షరాలు ఆనడం లేదు. ఈ నెలకి పాటలతో సరిపెట్టుకుందాం" అన్నాడు. ఎవరో గంటతో చదివించమన్నారు. నెలాఖరు చదువు పెద్దవాళ్ళది, దానికి పద్ధతుంది అని పెట్టె మూసేశాడు.

మర్నాడు ఆయన దుకాణానికి వెళ్ళాను. కంటికి భూతద్దం బిగించుకుని, నువ్వుగింజంత మరని పట్టకారుతో ఎత్తి గడియారంలో కూర్చోబెడుతున్నాడు. కళ్ళజోడు పక్కనే ఉంది, ఆయన అసలు దాని జోలికే పోలేదు.

"తాతా, మీరు చదివారా?"

"పెట్టెలో పెట్టేముందు చూస్తాను కదా ఎప్పుడూ. ఆ రోజే చదివాను."

నేను చేసిన పని గురించి ఏమైనా అంటాడని నిలబడ్డాను. ఆయన మర బిగించాడు. తర్వాత భూతద్దం తీసి, "ఆ పాత ఉత్తరాలు ఇన్నేళ్ళుగా చదువుతున్నావు. ఎవరికి రాశాడాయన? మంచివాళ్ళకా?" అని అడిగాడు.

"కాదు. అన్ని సంఘాల్లోనూ ఏదో ఒక గొడవే."

"ఒకళ్ళనొకళ్ళు కరుచుకునేవాళ్ళు, కోర్టుకెక్కినవాళ్ళు, మాట తప్పినవాళ్ళు. ఆయనకి ఒళ్ళు మండిపోయిన ఉత్తరాలున్నాయి. అయినా మొదట కృప అంటాడు, చివర కృప అంటాడు. తిట్లన్నీ మధ్యలో పెడతాడు. కృప అంటే జీతం కాదమ్మాయ్, పని చూసి ఇవ్వడానికి. మీ అన్న తిట్టు మాత్రం రాసి చివర మర్చిపోయాడు. వాడిది చిన్న వయసు, పైగా వాడి కోపంలో న్యాయముంది."

"అయితే నేను చేసింది తప్పు కాదా?"

"తప్పే. ఇంకొకడి పేరు మీద మాట పుట్టించావు. దాన్ని నేను కడగలేను." మళ్ళీ భూతద్దం బిగించుకున్నాడు. "వాడు వచ్చిన రోజున మీ నాన్న వాడితో మాట్లాడకముందే నువ్వు మాట్లాడు. అందాకా నా కళ్ళజోడు బాగుపడదు."

వానలు మొదలయ్యే ముందు యూనియనూ మిల్లూ రాజీపడ్డాయి, కేసులు వెనక్కి తీసుకున్నారు. శనివారం వదులుతారన్నారు. పొద్దున్నే జైలు గేటు దగ్గరికి పోయి సాయంత్రం దాకా నిలబడ్డాను. వాడికి ఏం చెప్పాలో మాట మాటా కూర్చుకున్నాను. కాగితాల్లో ఏదో తిరకాసుందని ఆ రోజు వదల్లేదు. ఆదివారం మళ్ళీ వెళ్తానంటే నాన్న ఒప్పుకోలేదు. "వాళ్ళు తిన్నగా గదికే వస్తారు. చదివే మనిషివి నువ్వు లేకపోతే ఎలా?" అన్నాడు. చొక్కాకి తనే ఇస్త్రీ చేసుకున్నాడు.

రెండో పాటలో ఉండగా ఇనప మెట్ల మీద చప్పుడైంది. ఒకరు కాదు, చాలామంది. పాట ఆగిపోయింది. ముందు అత్త భర్త వచ్చాడు, చిక్కి సగమయ్యాడు. అత్త లేచి వెళ్ళి అతని చొక్కా పట్టుకుని అలాగే ఉండిపోయింది. నాలుగోవాడు అన్నయ్య. గడ్డం పెరిగింది. గుమ్మంలో కాలుపెట్టి, ఆఖరి బెంచీలోంచి లేచి నిలబడ్డ నాన్నని చూసి ఆగిపోయాడు. వాడి మొహంలో ఉన్నది ఉత్తరం అడుగున నేను చూసినదే. నేను గది ఆ చివర బల్ల దగ్గరున్నాను. మధ్యలో ఆరు బెంచీలు, ముప్ఫైమంది మనుషులు. నాన్న వాడికి రెండడుగుల దూరంలో ఉన్నాడు.

"నువ్వు రాసినప్పటినుంచీ లోపలే కూర్చుంటున్నానురా" అన్నాడు నాన్న. "మెట్ల మీద కూర్చోవడం మానేశాను. ఆ మాట నువ్వు రాయకపోతే నేను ఈ పాటికి ఉండేవాణ్ణి కాదు. ఎనిమిది ఇళ్ళకీ వెళ్ళొచ్చాను. అందరూ రానివ్వలేదు, పర్వాలేదు. నువ్వు పిలిచావు, చాలు."

అన్నయ్య ఏమీ అర్థం కానట్టు ఆయన్ని చూశాడు. వెనక్కి తిరిగి మెట్లు చూశాడు. తర్వాత తల తిప్పి గది చివర నన్ను చూశాడు. నేను వాడికి చెల్లెల్ని, నన్ను పుట్టినప్పటినుంచీ చూస్తున్నాడు. తాత కళ్ళు మూసుకున్నాడు. అత్త తన భర్త భుజం మీదుగా అన్నయ్యనే చూస్తోంది.

"ఎన్నో ఉత్తరంలో రాశాను?" అని నన్నడిగాడు.

"రెండోదాంట్లో. అడుగున."

వాడు నాన్న వైపు తిరిగాడు. నాన్నకి అప్పుడే దగ్గు వచ్చింది, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని బిగబట్టాడు, వాడు చెప్పబోయేది వినపడకుండా పోతుందేమోనని. భుజాలు అదిరాయి. అన్నయ్య అది చూశాడు.

"దగ్గేసెయ్, నాన్నా" అన్నాడు. "కూర్చో."

వాడు మాత్రం ఆ బెంచీలో కూర్చోలేదు. ముందు బెంచీలోకి వెళ్ళి, ఎవరివైపూ చూడకుండా, నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. ఆగిపోయిన పాట ఎవరో మళ్ళీ అందుకున్నారు. వాడు గొంతు కలపలేదు.

అందరూ దిగిపోయాక నన్ను పక్కకి పిలుస్తాడనీ, తిడతాడనీ చూశాను. అమ్మా నాన్నా కింద దుకాణం నీడలో మాకోసం నిలబడ్డారు. అన్నయ్య తాత దగ్గరికెళ్ళి పెట్టె తీయమన్నాడు. రెండో ఉత్తరం విప్పి, తను రాసిన రెండు వాక్యాలూ నిలబడి చదువుకున్నాడు. వాటిని కొట్టేస్తాడేమోనని నాకు ఆశ పుట్టింది. కొట్టెయ్యలేదు.

"నువ్వేం చదివావో చెప్పు" అన్నాడు. "ఉన్నదున్నట్టు. ఒక్క ముక్క మింగకు."

చెప్పాను. తాత చెవి వెనక పెన్సిలు తీసుకుని, కాగితాన్ని బల్ల మీద పరిచి, కింద మిగిలిన వేలెడు జాగాలో వాడు రాయడం మొదలుపెట్టాడు. "ప్రత్యేకంగా" దగ్గర చెయ్యి ఆగింది. కిందనుంచి దగ్గు వినిపించింది. ఆ మాటా రాశాడు. మడిచి తాతకిచ్చాడు, తాత పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గరుంది. పైన సిరా రాత, అడుగున పెన్సిలు రాత, రెండూ వాడివే. ఆ పెన్సిలు రాతకి వాడు తేదీ మాత్రం వెయ్యలేదు.